జానెడు పక్కకి

తెల్లారడానికి ఇంకా గంటన్నర.
నెత్తి మీద దీపం కట్టుకుని
పద్దెనిమిదో గ్రీన్ మీద మోకాళ్ళూనాను.
ఎడారిలో ఇంత పచ్చదనం దొంగసొత్తు లాంటిది,
రాత్రంతా నీళ్ళు తాగి
పొద్దున్నే ఏమీ ఎరగనట్టు మెరుస్తుంది.

అధికారి ఇచ్చిన కాగితం జేబులో:
ముందు నుంచి ఇరవై రెండు అంగలు, ఎడమ నుంచి అయిదు.
కొలుచుకుంటూ నడిచాను.
సరిగ్గా అక్కడే
కిందటి వారం పూడ్చిన గుంట మచ్చ,
మానీ మానని పుండులా.
దాని మీద కొయ్యడానికి చెయ్యి రాలేదు.
జానెడు పక్కకి జరిగాను.

ఉక్కు గొట్టాన్ని తిప్పి తిప్పి దించితే
నూట ఎనిమిది మిల్లీమీటర్ల మట్టి
వేళ్ళతో సహా ఊడి వచ్చింది,
అప్పుడే పొయ్యి దిగిన రొట్టెలా చేతికి బరువుగా.
కెమెరాలకి కనబడాలని
లోపలి అంచుకి తెల్లరంగు పూశాను.

రెఫ్యూజియో ఒంతివెరోస్ నా పేరు.
ఇరవై ఆరేళ్ళుగా ఇదే పని.
బంతి మాత్రం ఒక్కసారీ కొట్టలేదు.
ఎవరైనా అడిగితే మా ఆవిడ
"రోజూ గొయ్యి తవ్వుతాడు, ఎవర్నీ పాతిపెట్టడు" అంటుంది.

కాలేజీ కుర్రాళ్ళ జాతీయ పోటీ, ఆఖరి రోజు.
చెరి అయిదుగురు, ఎవరి సంచీ వాళ్ళ భుజానే.
తాడు అవతల, ముక్కుకి తెల్లటి క్రీము పూసుకున్న తల్లులు,
చప్పట్లు కొడితే ఏమవుతుందోనని
చేతులు జేబుల్లో దాచుకున్న తండ్రులు.
మధ్యాహ్నం మూడింటికి రెండూ రెండూ.
ఇక అయిదో జోడీ మీదే అంతా.

మొక్కజొన్న పొలాల మధ్య ఏదో చిన్న కాలేజీ కుర్రాడు,
వెండెల్ ఓస్టర్‌గార్డ్.
ఎండకి కాలిన చెవులు, పెదవుల మీద ఉప్పు.
ఎదుటివాడు ముగించేసి పక్కకి తప్పుకున్నాడు.
వీడికి నాలుగడుగులు.
పడితే ఇంకో గుంటకి ఆట సాగుతుంది.
పడకపోతే అంతే.

గొంతుక్కూర్చుని వంపు చదివాడు,
లేచి అటు నుంచి చదివాడు, మళ్ళీ ఇటు వచ్చాడు.
ఆ నేల నాకు తెలుసు.
కాగితం చెప్పిన చోట అది అరచెయ్యంత చదును.
జానెడు ఇవతల, గడ్డి కింద,
ఎవరి కంటికీ ఆనకుండా కాస్త కుడికి ఒరుగుతుంది.
అరిచి చెబుదామనుకున్నాను.
ఆ మైదానంలో అరిచే హక్కు నాకు లేదు.

బంతి కదిలింది.
అంచు దాకా వెళ్ళింది,
అంచు చుట్టూ తిరిగింది,
లోపలికి తొంగిచూసి,
కాస్త తెల్లరంగు ఒంటికి రాసుకుని
ఇవతలికొచ్చి ఆగింది.
చేతికందింది నోటికందలేదంటారే,
నోటికందిన ముద్దని నోరే ఉమ్మెయ్యడం
అప్పుడే చూశాను.

అవతలి జట్టు నీళ్ళ సీసాలతో నా గ్రీన్ మీద దూకింది.
(నిజం చెప్పొద్దూ, ముందు గడ్డి కోసమే బాధపడ్డాను.)
వీడు టోపీ తీశాడు, చెయ్యి కలిపాడు,
వంగి, తన బంతి పడ్డప్పుడు చేసిన గాటుని
చిన్న ఫోర్కుతో సరిచేసి వెళ్ళాడు.

పొద్దుగూకి నేను తాళ్ళు చుడుతుంటే
మళ్ళీ వచ్చాడు, ఒక్కడే.
"ఈ గుంట మీరేనా తీసింది?"
"నేనే."
వేలితో అంచు తడిమాడు.
"బాగా తీశారు."
తిట్టుంటే బాగుండేది.

జానెడు సంగతి నాలిక చివరికొచ్చింది,
అక్కడక్కడే తిరిగింది,
లోపలికే పోయింది.

పక్కన కొత్త గుంట తీసి
ఆ మట్టి తెచ్చి ఇందులో దించాను.
"నేను తొక్కనా?" అన్నాడు.
బూటు విప్పి, మేజోడు కాలితో,
నిద్రపోతున్నదేదో లేచిపోతుందేమోనన్నట్టు
మెల్లగా అదిమాడు.
నేను మగ్గుతో నీళ్ళు పోశాను.

"ఎన్నాళ్ళకి అతుక్కుంటుంది?"
నాలుగు రోజులన్నాను.
వారం పైనే పడుతుంది.

బస్సు హారన్ కొట్టింది.
తడి మేజోడు మీదే బూటు తొడిగి
పరిగెత్తాడు,
గ్రీన్ కి అడ్డంగా కాదు,
చుట్టూ తిరిగి.